అన్నలు వస్తుంటారా?

గొల్లోరి సోంబరుకి పన్నెండేళ్ళపాటు చెల్లెలు లేకుండా పోయింది. ఆ పిల్ల చచ్చిపోలేదు, ఎవరితోనో లేచిపోనూ లేదు. పట్నంలో ఆడవాళ్ళ జైల్లో ఖాకీ చీర కట్టుకుని ఉద్యోగం చేసుకుంటూ నిక్షేపంలా ఉంది. అయినా సోంబరుకి చెల్లెలు లేదు. పోలీసాయన ఒకటి అడిగితే ముసలావిడ ఇంకోటి చెప్పింది. ఆ తప్పు దిద్దడానికి ఒకడు కాగితం రాశాడు. కాగితాలు రాసేవాళ్ళ చేతులు పడిపోను, రాసేముందు అవతలివాడు దాన్ని ఎన్నాళ్ళు మొయ్యాలో ఒక్కసారన్నా ఆలోచిస్తారా!

సోంబరుది కుసుంగుడ. అరకులో బస్సు దిగి ఆరు మైళ్ళు కొండెక్కితే పదహారు గడపల ఊరు. సోమవారం పుట్టాడు గనక సోంబరు. అతనికి పదిహేడేళ్ళప్పుడు ఒకే వానాకాలంలో తల్లీ తండ్రీ మలేరియా జ్వరంతో పోయారు. ఐదేళ్ళ చెల్లెలు మిగిలింది. దాన్ని వీపున కట్టుకుని కొండ దిగి మిషను హాస్టల్లో చేర్చాడు. హాస్టలువాళ్ళు ఆ పిల్లకి కృపావతి అని పేరు పెట్టారు. సోంబరుకి ఆ పేరు నోరు తిరగక పిల్లా అన్నట్టు "గుంటా" అనే పిలిచేవాడు. ఆమె అతన్ని "దాదా" అనేది. ఆ కొండల్లో ఇంటి మాట ఒడియా కలిసిన మాట. అన్నని దాదా అనే అంటారు.

పెళ్ళి చేసుకోరా అని మేనత్త యర్రమ్మ పోరితే, "ముందు గుంట సదువు కానీ అత్తా" అనేవాడు. అలా అంటూనే ముప్ఫై దాటేశాడు. కొండ అవతల కాఫీ తోటకి కాపలాదారు పని దొరికింది. సిల్వరు ఓకు చెట్ల కింద పూరిపాక, అందులో ఒక్కడూ. రెండు రోజులకోసారి సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేవాడు, యర్రమ్మ పెట్టిన అన్నం తినేవాడు, మళ్ళీ అడవిలోకి పోయేవాడు. సెలవులకి చెల్లెలు వచ్చినప్పుడు మాత్రం పూటపూటా దిగేవాడు. ఆ పిల్ల ఇంగ్లీషు పుస్తకం చదువుతుంటే అర్థం కాకపోయినా ఎదురుగా గొంతుకూర్చుని వినేవాడు. అతని సుఖమంతా అంతే, అంతకుమించి ఏదీ కోరుకోలేదు.

కృపావతి ఇంటర్ పాసైంది. తొంభై ఆరులో మహిళా జైలు వార్డరు ఉద్యోగాలు పడితే అర్జీ పెట్టింది. పరుగులో మొదట వచ్చింది, ఎత్తూ సరిపోయింది, పరీక్షా గట్టెక్కింది. కుసుంగుడ పుట్టాక ఒక గవర్నమెంటు ఉద్యోగం ఆ ఊరి గడప తొక్కడం అదే మొదలు. ఇక మిగిలింది పోలీసు ఎంక్వైరీ ఒక్కటే. జైల్లో ఉద్యోగమంటే తాళాలు చేతికిచ్చే ఉద్యోగం. మనిషి ఎలాంటిది, ఇంట్లోవాళ్ళెవరు, ఎవరెవరు వచ్చిపోతుంటారు, అన్నీ కనుక్కుని స్టేషను నుంచి రిపోర్టు పోతేనే ఆర్డరు ఇస్తారు.

ఆ రోజుల్లో ఆ అడవుల్లో 'అన్నలు' అంటే ఒకే అర్థం. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళు. పేరు పెట్టి పిలవడానికి భయపడి జనం అన్నలనేవారు, జనాన్ని చూసి పోలీసులూ అదే మాట అనేవారు. కానీ కుసుంగుడ యర్రమ్మకి ఆ సంగతి ఎక్కడ తెలుస్తుంది? ఆవిడ సంతకి తప్ప కొండ దిగి ఎరగదు.

ఎంక్వైరీకి వచ్చినవాడు బుజ్జిబాబు అనే హెడ్ కానిస్టేబులు. కోస్తావైపు మనిషి, బొజ్జ మనిషి. ఆరు మైళ్ళ ఎక్కుడుకి ప్రాణం కళ్ళలోకి వచ్చేసింది. యర్రమ్మ మంచినీళ్ళిచ్చి, పనస తొనలు ఆకులో పెట్టింది. బుజ్జిబాబు తింటూనే జేబులోంచి పుస్తకం తీశాడు.

"ఏమమ్మా, ఈ ఇంటికి అన్నలు వస్తుంటారా?"

యర్రమ్మ మురిసిపోయింది. పోలీసాయన అంతటివాడు సోంబరుని బహువచనం పెట్టి మర్యాదగా అడుగుతున్నాడు! ఇంటి మాటలో దాదా అంటే ఆయనకి తెలియదేమోనని, తనకి వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడదీసుకుంది.

"రాకేటి బాబూ! అన్నలే కదా ఆ గుంటని పెంచినారు. అన్నలే సదివించినారు."

బుజ్జిబాబు చేతిలో తొన ఆకులో పడింది. "ఎక్కణ్ణుంచి వస్తారు?"

"అడివిలోంచి. అన్నం తింతారు, అడివిలోకెల్లిపోతారు."

"అన్నం పెడతావా నువ్వు?"

"నాను కాక ఎవులెడతారు? ఆకలేసిన మనిసికి అన్నమెట్టకపోతే పాపం కాదేటి?"

"సంచులూ గట్రా తెస్తారా?"

"ఒక సంచి ఉంతాది. అందులో ఏటుంతాదో నానడగను బాబూ."

"అమ్మాయితో మాట్లాడతారా?"

"దాని కోసమే గదా వస్తారు! అదంటే పేనం."

బుజ్జిబాబు మిగతా తొనలు ముట్టుకోలేదు. వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ కొండ దిగిపోయాడు. "ఎంత మంచి బాబో, అన్నీ అడిగినాడు" అని యర్రమ్మ ఆ సాయంత్రం సోంబరుకి గొప్పగా చెప్పింది. సోంబరు కూడా సంతోషించాడు. మర్యాద చేసి మర్యాదగా చెబితే ఉద్యోగం ఎందుకు రాదు?

నెల తిరక్కుండా కృపావతికి కబురొచ్చింది. తీవ్రవాదులతో కుటుంబానికి సంబంధాలున్నాయని రిపోర్టు ఉందట, ఆర్డరు ఆపేశారట. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి వచ్చి అత్తని కూర్చోబెట్టి, ఏం అడిగాడో ఏం చెప్పావో ముక్కముక్కా చెప్పించుకుంది. చెప్పించుకుని నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. పాపం యర్రమ్మ మాత్రం మూడు రోజులు అన్నం ముట్టలేదు. దాదా అని వాళ్ళ మాటలోనే చెప్పి ఉంటే ఈ గొడవే లేకపోను.

అన్నాచెల్లెళ్ళిద్దరూ స్టేషనుకి వెళ్ళారు. బుజ్జిబాబు సోంబరుని ఎగాదిగా చూశాడు. చిరిగిన బనీను, మోకాళ్ళ పైకి పంచె, చేతిలో కాపలా కర్ర.

"ఇంటికొచ్చే అన్నలు..."

"ఈయనే బాబూ. మా దాదా. ఒక్కడే" అంది కృపావతి.

బుజ్జిబాబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ పైకి పోయిన రిపోర్టు తప్పని రాస్తే తన మెడకే చుట్టుకుంటుంది. చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. రెండో ఎంక్వైరీ పెట్టించి, అమ్మాయి చిన్నప్పట్నించీ హాస్టల్లో పెరిగింది, ఆ ఇంటితో దీనికి పొత్తు లేదని రాస్తాడు. దానికి జతగా, ఈ అమ్మాయితో నాకు రాకపోకలు లేవని ఇంటి యజమాని కాగితం ఇస్తే చాలు, అటూ ఇటూ ఎవరి మెడా తెగదు. ఈ లెక్కంతా మనసులోనే పెట్టుకుని, "రేపు మండలాఫీసుకి రండి, కాగితాలు రాయిద్దాం" అని మాత్రం వాళ్ళతో అన్నాడు.

మర్నాడే మండలాఫీసు వసారాలో టైపు మిషను దగ్గర పని కానిచ్చారు. బస్సుకి పావుగంట టైముంది. ఆ బస్సు తప్పితే మర్నాడు మెడికల్ పరీక్షకి అందుకోలేదు. కృపావతి ముందు కాగితాల దొంతర పెట్టాడు టైపాయన. కులం కాగితం, చిరునామా కాగితం, ప్రవర్తన కాగితం, ఏవేవో. ఆమె పదకొండు చోట్ల సంతకాలు పెట్టింది. చదువు వచ్చినవాళ్ళకి ఎవరూ చదివి వినిపించరు. వాళ్ళేమో చదవరు. సోంబరు వేలిముద్రవాడు గనక, అతని కాగితం టైపాయన పైకి చదివి వినిపించాడు. అది రూలు.

అంతా పుస్తకాల తెలుగు. సగం అర్థం కాలేదు. కానీ ఒక మాట దగ్గర సోంబరు ఉలిక్కిపడ్డాడు.

"ప్రమాణమేటి బాబూ? ఇది ప్రమాణమా?"

"ఆఁ, ప్రమాణమే. వెయ్యి, వెయ్యి."

ఆ కొండల్లో ప్రమాణం ఆటకాదు. దోసెడు మట్టి చేత్తో పట్టుకుని చేస్తారు. తప్పితే చేసినవాడికి ఏమీ కాదు, ఎవరి కోసం చేశాడో వాళ్ళకి తగులుతుంది. ఆ పుల్లవిరుపు మాటలన్నీ చెల్లెలు వింటోందేమోనని సోంబరు తలెత్తి చూశాడు. ఆమె బస్సు వైపు చూస్తోంది.

బుజ్జిబాబు అతన్ని పక్కకి లాగాడు. "ఇదిగో సోంబరూ, మళ్ళీ ఎవడో ఒకడు ఎంక్వైరీకి వస్తాడు. చెప్పి రాడు. ఎప్పుడు అడిగినా, రాకపోకలు లేవన్న ఇదే మాట మీద ఉండాలి. తడబడ్డావో, అమ్మాయి ఉద్యోగం గోవిందా."

బస్సు హారను కొట్టింది. "బేగి ఎయ్యి దాదా, బస్సెల్లిపోతాది!" అని కృపావతి అతని బొటనవేలు తనే పట్టుకుని సిరా దిండు మీద అద్దింది. సోంబరు ముద్ర వేశాడు. ఆమె పరుగెత్తి బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. అతను చెయ్యి సగం ఎత్తి, వసారాలో బుజ్జిబాబు ఉన్నాడని గుర్తొచ్చి దించేసుకున్నాడు.

ఆర్డరు వచ్చింది. ట్రైనింగు అయింది. మొదటి సెలవుకి కృపావతి ఖాకీ చీరతోనే వచ్చింది, దాదా చూడాలని. కొండమలుపులో ఆమె కనబడగానే సోంబరు గుండె ఎగిరి గంతేసింది. రెండడుగులు వేశాడు కూడా. మూడో అడుగు వేస్తే చెల్లెలికి ఏమవుతుందోనని వెనక్కి తిరిగి తోటలోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు దిగలేదు. ఆమె తెచ్చిన కొత్త చొక్కా యర్రమ్మకిచ్చి, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. "నీకేటి పుట్టింది రా? గుంట ఏడిసి ఏడిసి ఎల్లినాది" అని యర్రమ్మ చీపురు తిరగేసింది. సోంబరు సంచి భుజాన వేసుకుని లేచిపోయాడు. ప్రమాణం సంగతి బయట పెడితే అది కూడా తప్పినట్టేనని అతని లెక్క.

ఆమె కార్డులు రాసేది. కార్డు తనంతట తానే వస్తుంది, నేను పోలేదు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుని, బడిపంతులు చేత ఒక్కో కార్డూ మూడుసార్లు చదివించుకునేవాడు. "జవాబు రాయమంటావా?" అని పంతులు అడిగితే తల అడ్డంగా ఊపి, కార్డు తీసుకుని లేచిపోయేవాడు. పాకలో ఒంటరిగా చోడి అంబలి కాచుకుంటూ, విన్నదంతా చెట్ల మీద తిరిగే బెట్లుడుతలకి అప్పజెప్పేవాడు. గుంటకి ట్రైనింగులో మొదటి ర్యాంకు వచ్చిందిరా, గుంట రాత్రి డ్యూటీలు చేస్తోందిరా, గుంటకి జ్వరం తగ్గిందిరా అని. వినేవాళ్ళు లేని సంతోషం సంతోషమేనా? మనిషి గొంతు వినక వినక, ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడానికి అతనికి కొంచెంసేపు పట్టేది.

తొంభై తొమ్మిదిలో పెద్ద ఉత్తరం వచ్చింది. 'టైటస్ గారని స్కూల్లో పనిచేస్తారు. మైదానపు మనిషి. ఆదివారం చర్చిలో పెళ్ళి. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించవలసింది నువ్వే దాదా.' సోంబరు కొత్త చొక్కా తీసి తొడుక్కున్నాడు. అంతమంది జనంలో ఒక మూల నిలబడితే ఏ ప్రమాణం ఏమంటుందిలే అని ధైర్యం చేసి ఆరు మైళ్ళు దిగాడు. బస్సు వచ్చింది. ముందు సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు కూర్చుని ఉన్నారు. ఎక్కవలసినవాడు ఎక్కలేదు. బస్సు పోయాక చొక్కా విప్పి మడతపెట్టి చంకలో పెట్టుకుని కొండెక్కాడు. ఆ తర్వాత కార్డులు ఆగిపోయాయి. పిల్ల పుట్టిందని మనిషి చేత ఒక్క కబురు మాత్రం వచ్చింది.

రెండువేల రెండులో యర్రమ్మ పోయింది. కబురందుకుని కృపావతి వచ్చింది. నలభైమంది జనంలో అతన్ని వెతుక్కుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది. సోంబరు మొహం తిప్పుకుని నడిచాడు. "నానేటి పాపం సేసినాను దాదా?" అని ఆమె వెనకనించి అరిచింది. ఊరంతా విన్నది. అతను ఆగలేదు. ఆగితే కాళ్ళు వెనక్కి తిరిగిపోతాయని తెలుసు. అత్తని మట్టి చేసి పాకకి పోయి, నోట్లో పంచె కుక్కుకుని ఏడ్చాడు.

ఇక ఇల్లు కూడా పాడుబడింది. వండిపెట్టేవాళ్ళు లేని ఇంటికి దిగి మాత్రం ఏం చేస్తాడు? వారానికోసారి సంతకి పోయి ఉప్పూ కిరసనాయిలూ తెచ్చుకునేవాడు. సంతలో ఎవరైనా పట్నం నుంచి వచ్చారని వింటే వెనకాలే తిరిగేవాడు. జైలు మాట వస్తుందేమోనని. రాలేదు. ఊళ్ళో పిల్లలు అతన్ని మూగ సోంబరు అనడం మొదలెట్టారు.

రెండువేల ఎనిమిది చలికాలం. అరకు సంతలో ఉప్పు కట్టించుకుంటుంటే వెనకనించి ఎవరో భుజం మీద చరిచారు.

"ఒరేయ్, నువ్వు ఆ 'అన్న'వి కదూ!"

బుజ్జిబాబు. రిటైరయ్యాడు, జుట్టు ముగ్గుబుట్టయింది. మనవల్ని వెంటేసుకుని రైల్లో అరకు చూడ్డానికి వచ్చాడు. సోంబరుకి అదేం తెలుస్తుంది? చెప్పి రాడన్నవాడు చెప్పకుండానే వచ్చాడు, అంతే. సోంబరు చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఏరా, చెల్లెలు కులాసాగా ఉందా?"

"నాకు సెల్లి నేదు బాబూ."

"అయ్యో, ఏమైంది?"

"ఏటీ అవనేదు. ఆ గుంటకీ నాకూ రాకపోకల్నేవు. పన్నెండేళ్ళయినాది. అత్త సచ్చిపోయినా మాటాడనేదు. ఊరోళ్ళనడగండి బాబూ, పంతుల్నడగండి. ఒక్క మాట తప్పనేదు."

బుజ్జిబాబు నవ్వబోయి ఆగాడు. సోంబరు మొహంలోకి చూస్తూ మెల్లిగా కింద కూలబడ్డాడు. మిరపకాయల బస్తా మీద కూర్చున్నానన్న సంగతి కూడా తెలియలేదు.

"ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! ఆ కాగితం ప్రొబేషను దాకానేరా. రెండేళ్ళు. ఆ తర్వాత దాని మొహం ఎవడు చూస్తాడు? నేను చెప్పలేదూ?"

"సెప్పనేదు బాబూ."

"మరి ఆ ఎంక్వైరీ..."

"ఎవులూ రానేదు. ఎదురు సూసినాను. మరి ప్రమాణం కదా బాబూ?"

"ప్రమాణమేమిట్రా! టైపు కొట్టేవాడు ప్రతి కాగితానికీ ఆ ముక్క కొడతాడు. బర్రె తప్పిపోయినా కొడతాడు." ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నా బుద్ధి గడ్డి తింది. నా రిపోర్టు కాపాడుకుందామని చూశాను గానీ, నువ్వున్నావని మరిచిపోయాను. పద, రైలెక్కిస్తాను."

మర్నాడు పొద్దున్న సోంబరు పట్నంలో జైలు క్వార్టర్ల దగ్గర, బుజ్జిబాబు ఫోన్లో కనుక్కుని రాసిచ్చిన నంబరు చూపించి అడుగుతూ, మూడో వరసలో ఒక తలుపు ముందు నిలబడ్డాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో నేర్చుకున్నాడు. తలుపు తట్టాక ఒక్కటీ గుర్తు లేదు.

తలుపు తీసింది కృపావతే. డ్యూటీకి బయల్దేరుతోంది. చెంపల దగ్గర రెండు నెరసిన వెంట్రుకలు. ఆమె కళ్ళు ముందు పెద్దవయ్యాయి, తర్వాత ఎర్రబడ్డాయి.

"దారి తప్పినావేటి? ఎవులింటికొచ్చినావు?"

సోంబరు గడప దాటలేదు.

"పెళ్ళికి రానేదు. పిల్ల పుడితే కబురెట్టినాను, రానేదు. అత్త సచ్చిన్నాడు ముకం తిప్పుకుని ఎల్లిపోనావు. మైదానపోణ్ణి సేసుకున్నానని ఎలేసినావనుకున్నాను. ఇన్నేళ్ళూ దేవుడి ముందర అదే అడిగినాను, నానేటి తప్పు సేసినానని. సెప్పు దాదా, ఏటి తప్పు?"

"నీది తప్పు నేదు గుంటా. కాగితం. ఆ కాగితం మీద ముద్రేసినాను కదా. రెండేళ్ళదేనట. నాకు తెల్దు."

"ఏ కాగితం?"

సోంబరు ఆమె మొహంలోకి చూశాడు. దెప్పడం లేదు, దాచడం లేదు. నిజంగానే తెలియదు. తను పెట్టిన పదకొండు సంతకాల పక్కనున్న ఆ ఒక్క ముద్ర ఎందుకో ఆమె చదవలేదు, అడగలేదు, ఆ బస్సు దిగేలోపే మరిచిపోయింది.

అప్పుడతను చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా మొదలుపెట్టాడు.

"కుసుంగుడ గ్రామ కాపురస్తుడనైన గొల్లోరి సోంబరు అను నేను ప్రమాణపూర్వకముగా వ్రాసి ఇచ్చునది ఏమనగా, పై తెలిపిన కృపావతికిని నాకును ఎటువంటి రాకపోకలు గాని, సంబంధ బాంధవ్యములు గాని లేవు, ఇకముందు ఉండబోవు. ఆమె మంచిచెడ్డలతో నాకు నిమిత్తము లేదు..."

ఒక్కసారి విన్న మాటలు. తనది కాని భాష. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ఆపెయ్యి దాదా, ఆపెయ్యి" అని కృపావతి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. సోంబరు ఆగలేదు. ఆ చేతి కిందనించే, "ఇది నా ఇష్టపూర్వకముగా వ్రాయించినది" అని చివరి ముక్క కూడా చెప్పేసి, అప్పుడు ఏడ్చాడు.